సినిమా గడప తొక్కని పాట

ఇంట్లో బాగా పాడే పిల్ల ఉంటే మన చుట్టాలు అడిగే మొదటి మాట, "సినిమాల్లో ఎప్పుడు పాడతావమ్మా?" అని. పుణేలోనో నాందేడ్‌లోనో మరాఠీ ఇంట్లో ఈ మాట ఇంత తొందరగా రాదు. అక్కడ పాటకి సినిమా అనేది ఉన్న దారుల్లో ఒకటి. నాట్యసంగీతం ఉంది, భావగీతం ఉంది, అభంగం, లావణి, పోవాడా, అంబేడ్కర్ మీద కట్టిన భీమ్ గీతాలు ఉన్నాయి. వాటిలో దేన్ని పట్టుకున్నా ఒక వేదిక, నలుగురు శ్రోతలు దొరుకుతారు. మనకీ ఒకప్పుడు పద్యనాటకం, హరికథ, బుర్రకథ, లలితగీతం ఉండేవి. వాటిని పోషించిన శ్రోతని సినిమా తనవైపు తిప్పుకుంది.

ఈ తేడాని దగ్గర నుంచి చూడాలంటే సికింద్రాబాద్ కంటే తగిన ఊరు లేదు. 1956 నవంబరు 1 దాకా తెలంగాణ, మరాఠ్వాడా ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. సికింద్రాబాద్ నుంచి నాందేడ్, ఔరంగాబాద్‌ల మీదుగా మన్మాడ్ చేరే గోదావరి లోయ రైలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే నడిచింది. అదే దారిలో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ ముంబయికి పోతుంది. ఆ రైళ్లలో ఉద్యోగులు, వకీళ్లు, పంతుళ్లు వచ్చారు, వాళ్లతో పాటే హార్మోనియం, భజన తాళాలు వచ్చాయి. జాంబాగ్‌లో వివేక్ వర్ధిని విద్యాసంస్థలు, నగరంలో మహారాష్ట్ర మండల్, మరాఠీ సాహిత్య పరిషత్ అలా వెలిసినవే. 1935లో మొదలైన దక్కన్ రేడియో ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలూ వినిపించింది. రెండు భాషల పాటా ఒకే గాలిలో పెరిగిన చోటు ఇది.

ఇక్కడ ఉండి, సినిమా ఆసరా లేకుండా, మరాఠీలోనో తెలుగులోనో సొంతంగా పాడుకుంటూ బతకవచ్చా? ఇప్పటిదాకా అలా పాడినవాళ్లు దేని మీద నిలబడ్డారు? ఇప్పుడు కొత్తగా దిగేవాళ్లు దేన్ని చూసుకోవాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. నా నమ్మకం ముందే చెబుతాను. గొంతు అందరికీ కావాల్సిందే, అదృష్టం కొందరికి కలిసొచ్చేదే. కానీ గాయకుడి బతుకుని నిలబెట్టేవి రెండు: ఎదురుగా కూర్చుని డబ్బిచ్చి వినే శ్రోత, పాట మీద కాగితంలో రాసి ఉన్న హక్కు. తెలుగులో ఈ రెండూ బలహీనంగా ఉన్నాయి.

మరాఠీ వైపు నుంచే మొదలుపెడదాం. 2023 సెప్టెంబరు 6న హైదరాబాద్‌లో మాలినీ రాజుర్కర్ కన్నుమూశారు. గ్వాలియర్ ఘరానాలో, ముఖ్యంగా టప్పా పాడటంలో ఆమెకు దీటైనవాళ్లు ఆ తరంలో చాలా తక్కువ. ఆమె దశాబ్దాల పాటు మన నగరంలో ఉన్నారన్న సంగతి తెలుగు సంగీతప్రియుల్లోనే ఎందరికి తెలుసు? 1941లో పుట్టి అజ్మీర్‌లో పెరిగారు. గణితంలో పట్టా తీసుకుని, చదివిన విద్యాసంస్థలోనే మూడేళ్లు లెక్కలు చెప్పారు. తర్వాత ఉపకార వేతనం దొరకడంతో సంగీతంలోకి పూర్తిగా వచ్చారు. గోవిందరావు రాజుర్కర్ దగ్గర, ఆయన కుటుంబీకుడైన వసంతరావు రాజుర్కర్ దగ్గర నేర్చుకుని, ఆ వసంతరావునే పెళ్లి చేసుకున్నారు. ప్రచారం అంటే ఆమెకు గిట్టేది కాదు. 2001లో సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. రాగసంగీతంతో పాటు ఆమె పాడిన మరాఠీ నాట్యగీతాలకి మహారాష్ట్రలో విడిగా అభిమానులున్నారు.

ఆమె జీవితంలో మన ప్రశ్నకి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇల్లు హైదరాబాద్‌లో ఉంది, శ్రోత మాత్రం ఎక్కువగా పుణే, ముంబయి, గ్వాలియర్ సభల్లో ఉన్నాడు. పుణేలో సవాయి గంధర్వ ఉత్సవాన్ని 1953లో తన గురువు పేరిట భీమ్‌సేన్ జోషీ మొదలుపెట్టారు. అక్కడ రాత్రి చలిలో నేల మీద కూర్చుని వినడానికి కూడా జనం టికెట్టు కొంటారు. బీఎస్సీ చదివే కుర్రాడి దగ్గర నుంచి పెన్షన్ తీసుకునే తాత దాకా అది ఏటా ఇంట్లో ముందే లెక్క వేసుకునే ఖర్చు. ఆ అలవాటు ఉన్న నేల పక్కనే ఉండబట్టి, మాలినీ రాజుర్కర్ సినిమాకి గానీ ఆర్భాటానికి గానీ తల వంచకుండా జీవితాంతం తనకి నచ్చిందే పాడగలిగారు.

శాస్త్రీయ సంగీతం పెద్దల వ్యవహారం, మామూలు పాటకి ఇది వర్తించదు అనేవాళ్లుంటారు. వాళ్లకి కవి సందీప్ ఖరే, స్వరకర్త సలీల్ కులకర్ణి కలిసి 2003లో మొదలుపెట్టిన 'ఆయుష్యావర్ బోలూ కాహీ' కార్యక్రమాన్ని చూపించాలి. ఇద్దరు మనుషులు, కొద్దిపాటి వాద్యాలు, సొంత కవితలు, సొంత బాణీలు. వెయ్యికి పైగా ప్రదర్శనలు ఇచ్చారు, దేశం దాటి వెళ్లారు. అందులో సినిమా పాట చలామణీ ఏమీ లేదు, కవితే సరుకు. రాహుల్ దేశ్‌పాండే, మహేశ్ కాళే లాంటి గాయకులదీ ఇంచుమించు అదే దారి. వాళ్లకి పేరు తెచ్చిన 2015 నాటి 'కట్యార్ కాళజాత్ ఘుసలీ' సినిమా కూడా 1967 నాటి సంగీత నాటకం నుంచి పుట్టిందే. అంటే మరాఠీలో రంగస్థలం పాటని సినిమా అరువు తెచ్చుకుంది. మన దగ్గర చాలావరకూ వేదిక మీద పాడేది సినిమా దగ్గర అరువు తెచ్చుకున్న పాట.

రేడియో కాలంలో రెండు భాషలూ సమానంగానే బయల్దేరాయి. ఆకాశవాణి పుణే 1955, 56ల్లో వారం వారం ప్రసారం చేసిన 'గీత రామాయణం' యాభై ఆరు పాటలు మరాఠీ ఇళ్లలో పండగలా విన్నారు. మాడ్గూళ్‌కర్ సాహిత్యానికి బాణీ కట్టిన సుధీర్ ఫడ్కే, రేడియోలో ముగిశాక కూడా ఆ పాటల్ని దశాబ్దాల పాటు వేదిక మీద పాడుతూనే ఉన్నారు. మనకీ రావు బాలసరస్వతీదేవి, పాలగుమ్మి విశ్వనాథం, బాలాంత్రపు రజనీకాంతరావు లాంటి గొప్పవాళ్ల చేతుల్లో లలితగీతం వికసించింది. కానీ అది స్టూడియో గోడల మధ్యే ఉండిపోయింది. ఆ పాటలకి టికెట్టు కొనే సభని మనం తయారుచేసుకోలేదు. ఆ గతి తప్పించుకున్నది ఎమ్మెస్ రామారావు. సినిమాల్లో తొలితరం నేపథ్య గాయకుడిగా పేరు తెచ్చుకున్నాక అది వదిలి, సుందరకాండని తేట తెలుగులో తనే రాసుకుని, తనే పాడి, ఊరూరా గుళ్లలో వినిపించి సుందరదాసు అయ్యారు. సొంత రచన, సొంత బాణీ, సొంత గొంతు, నేరుగా శ్రోత దగ్గరికి వెళ్లడం: ఇవాళ స్వతంత్ర గాయకులు అంటున్న లక్షణాలన్నీ ఆయనలో ఉన్నాయి. అన్నమయ్య కీర్తనలనే జీవితంగా చేసుకుని, 1983లో అన్నమాచార్య భావనా వాహిని స్థాపించిన శోభారాజు మరో దారి చూపించారు. గాయని తానే ఒక సంస్థ అయితే సినిమా అవసరం పడదని.

హైదరాబాద్ పాత పద్ధతి మాత్రం దర్బారు. గజల్ గాయకుడు పండిట్ విఠల్‌రావు చిన్నతనంలోనే ప్రిన్స్ మొఅజ్జమ్ జా కొలువులో పాడారు. కొలువులు పోయాక మెహఫిళ్లు, శిష్యులు ఆయన్ని బతికించారు. ఎంతో దూరం నుంచి శిష్యులొచ్చారు. కెనడాలో పెరిగిన కిరణ్ అహ్లూవాలియా హైదరాబాద్ వచ్చి ఆయన దగ్గర గజల్ నేర్చుకుంది, 2004లో అక్కడి జూనో పురస్కారం అందుకుంది. ఆ శిష్యురాలికి విదేశంలో ఆల్బములు, పర్యటనలు, పురస్కారాలు ఉన్న ఒక వ్యవస్థ దొరికింది. గురువుకి సొంత ఊళ్లో దొరికింది గౌరవం. 2015 మే నెలలో ఎనభై దాటిన వయసులో ఆయన షిర్డీలో తప్పిపోయారు, జూన్‌లో కన్నుమూశారు. ఈ సంగతి రాస్తుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అంత పెద్ద విద్వాంసుడి చుట్టూ ఒక సంస్థ, ఒక నిధి, ఒక నెలవారీ ఆదాయం లేకపోవడం ఆయన లోటు కాదు, ఊరి లోటు.

అదే విఠల్‌రావు దగ్గర ధూల్‌పేట వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఏళ్ల తరబడి గజల్ నేర్చుకున్నాడు. అతను రాహుల్ సిప్లిగంజ్. సినిమాల్లో కొన్ని పాటలు పాడినా, గల్లీ భాషలో, సొంత డబ్బుతో యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలతోనే ఎక్కువ పేరు తెచ్చుకున్నాడు. తర్వాత, 2023 మార్చిలో సినిమా పాట 'నాటు నాటు' అతన్ని ఆస్కార్ వేదిక దాకా తీసుకెళ్లింది. ఇక్కడ గమనించాల్సింది క్రమం. జనం అతన్ని తన పాటలతోనే గుర్తుపట్టారు, సినిమాలో పెద్ద పేరు ఆ తర్వాతే వచ్చింది. చౌరస్తా బ్యాండ్ పాటలతో తెలిసి, తర్వాత 'జాతిరత్నాలు' చిట్టి పాటతో ఇంటింటికీ వెళ్లిన రామ్ మిరియాల కథా ఇలాంటిదే. ఇది మంచి మార్పే. కానీ సినిమా పిలుపు రాగానే సొంత పాట సన్నగిల్లడం తెలుగులో తరచూ చూస్తున్నాం. సొంత పాట గమ్యం కాకుండా సినిమాకి పెట్టుకున్న దరఖాస్తుగా మారినంత కాలం స్వతంత్ర సంగీతం అనే రంగం మనకి ఏర్పడదు.

మాలినీ రాజుర్కర్ పోవడానికి సరిగ్గా నెల ముందు, 2023 ఆగస్టు 6న, సికింద్రాబాద్ అల్వాల్ వెంకటాపురంలో కాపురమున్న గద్దర్ కన్నుమూశారు. జంటనగరాలు ఒకే నెల తేడాతో పోగొట్టుకున్న ఈ ఇద్దరి సంగీతానికీ ఎక్కడా పోలిక లేదు. అయినా ఇద్దరూ సినిమా మీద ఆధారపడని గాయకులే. గుమ్మడి విఠల్‌రావు అనే గద్దర్ కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరి, 1984లో ఆ ఉద్యోగం వదిలేశారు. ఆయన బృందం జననాట్యమండలి పాటల పుస్తకాలు, క్యాసెట్లు సభల దగ్గరే అమ్ముడయ్యేవి. పాటకి రేటు చూసి కాదు, మాటకి కట్టుబడి జనం కొన్నారు. 1997 ఏప్రిల్ 6న ఇదే వెంకటాపురంలో ఆయన మీద కాల్పులు జరిగాయి. అంతకు ముందు 'ఒరేయ్ రిక్షా' సినిమా పాటకి వచ్చిన నంది పురస్కారాన్ని ఆయన తీసుకోలేదు.

ఆయన వెనక వచ్చిన తెలంగాణ పాట ధూంధాం వేదికల మీద ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాన్ని నడిపింది. రాష్ట్రం వచ్చాక తెలంగాణ సాంస్కృతిక సారథి పేరుతో సుమారు 550 మంది కళాకారులకి నెల జీతం ఇచ్చే ఏర్పాటు చేశారు. పాట పాడేవాడికి ఒకటో తారీఖు జీతం రావడం చిన్న విషయం కాదు, చాలా కుటుంబాలు దాంతో నిలబడ్డాయి. అయితే జీతం ఇచ్చే చెయ్యే పాటకి విషయాన్నీ ఇస్తుంది. పథకాల మీద పాటలు కట్టడానికి ఆ గొంతులు ఎక్కువగా ఖర్చయ్యాయన్నది నా అభిప్రాయం. ఇక 2025 జూన్‌లో ప్రభుత్వం గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ఇచ్చింది. ఆయన పేరుతో సినిమాయేతర పాటకి ఒక పురస్కారం, ఏటా పదిమంది కొత్త గాయకులకి రికార్డింగ్ సాయం పెట్టి ఉంటే ఆ పేరుకి మరింత న్యాయం జరిగేది. ఇప్పటికైనా పెట్టవచ్చు.

ఇప్పుడు అందరూ మాట్లాడేది యూట్యూబ్ గురించి. అక్కడ తెలుగు, మరాఠీ రెండూ ఒకే రకం ఆశ్చర్యాన్ని చూశాయి. సినిమాతో సంబంధం లేని ప్రైవేటు పాట సినిమా పాటని దాటిపోయింది. తండా నుంచి వచ్చి, తిరుపతిలో సంగీతం చదివి, టీవీలో మాటకారి మంగ్లీగా పరిచయమైన మంగ్లీ బతుకమ్మ, బోనాలు పాటలతో సొంత చానెల్ నిలబెట్టుకున్నారు. 2021లో మోహనా భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' మంచిర్యాల వైపు ఒక పెళ్లికూతురు వేసిన డాన్సుతో ఊరూరా మోగింది. 2025లో రాము రాథోడ్ 'రాను బొంబయికి రాను' చిన్నపిల్లల నోళ్లలో కూడా ఆడింది. అవతల వైపు జళగావ్ జిల్లా నుంచి వచ్చిన సంజూ రాఠోడ్ 2024లో 'గులాబీ సాడీ'తో మరాఠీ రాని వాళ్ల చేత కూడా మరాఠీ పాడించాడు. మంగ్లీ, రాము, సంజూ ముగ్గురూ బంజారాలే. సంగీత కళాశాలలూ సినిమా పరిశ్రమా పట్టించుకోని తండాల నుంచి రెండు భాషల్లోనూ ఈ గొంతులు రావడం యాదృచ్ఛికం అనుకోను. పండగకీ పెళ్లికీ సమూహంగా పాడే అలవాటు అక్కడ ఇంకా చావలేదు. ఔరంగాబాద్ వైపు ఏక్‌తారీ పట్టుకుని భీమ్ గీతాలు పాడే కడూబాయి ఖరాత్ ఫోన్ వీడియోల ద్వారానే మహారాష్ట్రకంతా తెలిశారు. ఆమెకి అంబేడ్కర్ జయంతి సభలు ముందే ఉన్నాయి కాబట్టి ఆ పేరు వేదికలుగా మారింది. వీడియో పేరు తెస్తుంది. అన్నం పెట్టేది ఆ తర్వాత వచ్చే వేదిక.

డబ్బు లెక్క చూద్దాం. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దానికి తోడు ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గానీ కావాలి. మామూలు వీడియోకి వచ్చినదాంట్లో 55 శాతం, షార్ట్స్‌లో ఆ చానెల్ వంతుగా లెక్కకట్టిన మొత్తంలో 45 శాతం చానెల్‌ది. స్పాటిఫైలో ఒక పాటకి గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యి స్ట్రీములు రాకపోతే పైసా రాదు. ఈ యాప్‌ల మీదే బతుకు కట్టుకోవడం ప్రమాదం కూడా. రెసో 2024 జనవరిలో మన దేశంలో మూతపడింది, వింక్ కూడా అదే ఏడాది మూసేస్తున్నట్టు ప్రకటించారు. వాటిలో పేర్చుకున్న పాటల జాబితాలు, అనుచరుల సంఖ్యలు గాయకుడివి కావు. అసలు మాస్టర్ రికార్డింగ్ ఫైళ్లు సొంత హార్డ్ డిస్కులో రెండు చోట్ల దాచుకోవడం ఈ వృత్తిలో మొదటి జాగ్రత్త.

ఇంకా లోతైన సమస్య ఆ 55 శాతం ఎవరి ఖాతాలో పడుతుందన్నది. ప్రైవేటు జానపదాల్లో ఎక్కువగా నడిచే పద్ధతి ఇది: చానెల్ వాళ్లు రచయితకి, గాయనికి, సంగీతం చేసినవాళ్లకి ఒకసారి డబ్బు ఇచ్చేస్తారు, పాట చానెల్‌దైపోతుంది. పదికోట్ల మంది చూసినా గాయనికి అందేది మొదటి రోజు తీసుకున్నదే. చాలాసార్లు కాగితమే ఉండదు, ఉంటే ఇంగ్లీషులో ఉంటుంది, చదవకుండా సంతకం పెడతారు. కొత్తగా దిగేవాళ్లు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన కాపీరైటు చట్టం ప్రకారం ఒక పాటలో వేర్వేరు హక్కులు ఉంటాయి. సాహిత్యం రాసినవాళ్లది, బాణీ కట్టినవాళ్లది వేరు. ఈ రెండిటికీ వాళ్లు బతికినంత కాలం, ఆపైన అరవై ఏళ్లు రక్షణ ఉంటుంది. రికార్డింగ్ హక్కు దాన్ని పూనుకుని చేయించిన నిర్మాతది, ప్రచురించిన దగ్గర నుంచి అరవై ఏళ్లు. గాయకులకి విడిగా ప్రదర్శకుల హక్కు ఉంది, అది యాభై ఏళ్లు. 2012 సవరణ ఈ హక్కుల్ని బలపరిచింది. సినిమాలోనో రికార్డులోనో వాడుకున్న సాహిత్యానికీ బాణీకీ రావాల్సిన రాయల్టీ వాటాని రచయితా స్వరకర్తా వదులుకున్నట్టు రాయించుకున్నా ఆ రాత చెల్లకుండా చేసింది. హక్కు రాసిచ్చే ఒప్పందంలో ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం అయిదేళ్లకే అనుకుంటుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అనుకుంటుంది. అందుకే చానెల్ ఒప్పందాల్లో 'శాశ్వతంగా, విశ్వమంతటా' అన్న అర్థం వచ్చే మాటలు ముందే అచ్చువేసి ఉంటాయి. ఆ రెండు మాటలు కొట్టేయించి అయిదేళ్లు, పదేళ్లు అని రాయించుకోగలిగితే సగం బతుకు దక్కినట్టే. తనే రాసి, తనే బాణీ కట్టి, తన ఖర్చుతో రికార్డు చేసుకున్నవాళ్లకి ఈ హక్కులన్నీ ఒకచోటే ఉంటాయి. రచయితలు, స్వరకర్తలు ఐపీఆర్ఎస్‌లో, గాయకులు ఇస్రా పేరుతో 2013లో మొదలై ఇప్పుడు ఇసామ్రా అంటున్న సంఘంలో సభ్యులుగా చేరాలి. చేరనివాళ్ల వాటా వాళ్ల ఇంటికి నడిచి రాదు.

సినిమా పాటల్ని కవర్లుగా పాడి పేరు తెచ్చుకుందాం అనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. యూట్యూబ్ ఆ బాణీని పసిగట్టగానే ప్రకటనల ఆదాయం హక్కుదారు కంపెనీకి వెళ్తుంది. వేదిక మీదా అంతే జాగ్రత్త కావాలి. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా లాయరు నోటీసు పంపారు. ఆ పాటల్ని తన గొంతుతో అమరం చేసిన బాలుగారే ఆ పర్యటనలో వాటిని పక్కన పెట్టాల్సి వచ్చింది. మరి ఆర్కెస్ట్రాలో పాడే కుర్రాడికి ఆ పాట మీద ఏ పట్టూ ఉండదు. జానపదంలో ఇంకో చిక్కు ఉంది. 2021లో 'సారంగ దరియా' అనే జానపదం సినిమాలోకి వచ్చినప్పుడు, ఆ పాటని టీవీ వేదిక మీద పాడి వెలుగులోకి తెచ్చింది తానని జానపద గాయని కోమల అడిగారు. చివరికి సినిమావాళ్లు ఆమెకి గుర్తింపు, పారితోషికం ఇస్తామన్నారు. ఆమె గట్టిగా అడిగారు కాబట్టి. ఊరి పాటని సేకరించినవాళ్లు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి నోట విన్నారో తేదీతో సహా రికార్డు చేసి పెట్టుకోవడం అవసరం.

పన్నుల మాట క్లుప్తంగా. జానపదం గానీ శాస్త్రీయం గానీ పాడేవాళ్లకి ఒక ప్రదర్శనకి లక్షన్నర రూపాయల దాకా పారితోషికం మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. సినిమా పాటల కచేరీకి అది వర్తించదు. కార్పొరేట్ కార్యక్రమాల్లో మూలంలో కోసే పదిశాతం టీడీఎస్ రిటర్ను వేస్తే తిరిగి రావచ్చు. చాలామంది వేయరు.

మళ్లీ మరాఠీ దగ్గరికి వద్దాం. సికింద్రాబాద్‌లో ఉన్న ఒక తెలుగు పిల్లకి, లేదా మూడు తరాలుగా ఇక్కడే ఉన్న మరాఠీ ఇంటి పిల్లకి మరాఠీ పాటే వృత్తిగా చేసుకోవాలని ఉంది. కుదురుతుందా? కుదురుతుందని నా అభిప్రాయం. నేర్చుకోవడానికి సికింద్రాబాద్‌లో భక్త రామదాసు ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, రామకోటిలో త్యాగరాజ కళాశాల ఉంది. అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండల్ పరీక్షలు ప్రైవేటుగా రాయవచ్చు, విశారద పట్టా టీచరుగా నిలబడటానికి పనికొస్తుంది. మేవాతి ఘరానా పండిట్ జస్‌రాజ్ బాల్యం ఈ నగరంలోనే గడిచింది. తండ్రి మోతీరామ్, అన్న మణిరామ్ పేరిట ఆయన 1972లో ఇక్కడ మొదలుపెట్టిన సంగీత సమారోహం పెద్ద విద్వాంసుల్ని దగ్గర నుంచి వినే అవకాశం ఇచ్చింది. ఉచ్చారణ విషయంలో తెలుగు పిల్లకి పుట్టుకతో వచ్చిన ఆస్తి ఉంది. మరాఠీలో చ, జలకి రెండేసి పలుకుబడులు, ళ, ణలకి గట్టి పలుకు ఉంటాయి. హిందీ మాత్రమే తెలిసినవాళ్లు ఇక్కడ తడబడతారు. చాప, జల్లెడ అని పలికే నోటికి అవి సహజంగా వస్తాయి.

శ్రోతలు ఎక్కడున్నారు? నగరంలోని మరాఠీ కుటుంబాల గణేశోత్సవం, గుఢీ పాడ్వా, దీపావళి తెల్లవారి కచేరీలు మొదటి మెట్టు. ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల్లో, కామారెడ్డి జిల్లా మద్నూర్, జుక్కల్ వైపు ఊళ్లలో తుకారాం అభంగాలు పాడే భజన బృందాలు ఉన్నాయి. పండరిపురానికి నడిచి వెళ్లేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. ఆ శ్రోతని పుణే గాయకులు పట్టించుకోరు, హైదరాబాద్ గాయకులకి అతను ఉన్నట్టే తెలీదు. సోలాపూర్, భివండీ పద్మశాలి కుటుంబాలకి ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. మొదటి సగం అభంగం, రెండో సగం రామదాసు కీర్తన పాడే ద్విభాషా కచేరీకి వీళ్లకంటే మంచి సభ దొరకదు. ఇది ఇంతవరకూ ఎవరూ గట్టిగా వేసుకోని దారి. ముంబయి వెళ్లి లక్షమందిలో ఒకరవడం కంటే, రెండు భాషలూ వచ్చిన ఒకే ఒక్క గాయనిగా ఇక్కడ నిలబడటం మేలు. మొదటి అయిదారేళ్లు పక్కన ఒక ఉద్యోగమో, పాఠాలు చెప్పడమో ఉంచుకోవాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. మాలినీ రాజుర్కర్ లెక్కలు చెప్పారు, గద్దర్ బ్యాంకులో పనిచేశారు.

చివరిగా సభల నిర్వాహకులకీ, పాఠకులకీ ఒక విన్నపం. రవీంద్రభారతిలో, త్యాగరాయ గానసభలో, సికింద్రాబాద్ కాలనీల సాంస్కృతిక సంఘాల్లో కచేరీ అంటే ఉచిత ప్రవేశం, పాడినవాళ్లకి ఒక శాలువా, ఒక జ్ఞాపిక అన్న పద్ధతి పాతుకుపోయింది. కొన్నిచోట్ల వేదిక ఖర్చు కూడా గాయకులే భరిస్తున్నారు. దీన్ని ఆపాలి. వంద రూపాయల టికెట్టైనా పెట్టండి, వచ్చినదాంట్లో గాయకుల వాటా ఎంతో ముందే కాగితం మీద రాసివ్వండి. శాలువా డబ్బు పారితోషికంలో కలపండి. పాఠకులుగా మీరు ఈ ఏడాది ఒక్క సినిమాయేతర కచేరీకి టికెట్టు కొని వెళ్లండి, మీ పిల్లల్నీ తీసుకెళ్లండి. ఈసారి ఇంట్లో పాడే పిల్లని సినిమా గురించి కాక, "నీ సొంత పాట ఏదమ్మా, పాడు వింటాం" అని అడగండి.